మోచేయి బిగుతు శస్త్రచికిత్సానంతర పునరావాసం

మోచేయి బిగుతు శస్త్రచికిత్సానంతర పునరావాసం అనగా బిగుసుకుపోయిన మోచేతి కీలును శస్త్రచికిత్స ద్వారా విడిపించిన తరువాత, అప్పుడు లభించిన కదలికను నిలబెట్టుకొనుటకు చేసే వ్యాయామాలు, స్ప్లింట్లు, మందులు, కొలతలు మొదలైనవాటి సమాహారం. మోచేయి శరీరంలో అతి త్వరగా బిగుసుకుపోయే కీళ్ళలో ఒకటి. శస్త్రచికిత్స కూడా ఆ కీలుకు ఒక క్రొత్త గాయమే. అందువలన విడిపించిన కీలు కొన్ని వారాలలో తిరిగి బిగుసుకుపోయే అవకాశం ఎల్లప్పుడూ ఉంటుంది. శస్త్రచికిత్స బల్లపై వైద్యుడు సాధించిన కదలికలో ఎంత భాగం రోగికి మిగులుతుంది అనేది చాలావరకు తరువాతి మూడు నెలల పునరావాసంపై ఆధారపడి ఉంటుంది.

ఈ పునరావాసంలో రెండు విధాల పొరపాట్లు జరుగుతాయి. మొదటిది నొప్పికి భయపడి చేతిని కదలించకపోవడం. రెండవది త్వరగా బాగుపడాలని ఇతరులచేత బలవంతంగా వంచించడం, మర్దనం చేయించడం. రెండింటి ఫలితమూ ఒకటే: కీలు తిరిగి బిగుసుకుంటుంది. బాపట్ల జిల్లా లోని పేరాల వంటి చేనేత కేంద్రాలలోను, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల వ్యవసాయ గ్రామాలలోను చేతిపని మీదనే జీవనం సాగించేవారికి ఈ విషయం కుటుంబ ఆదాయంతో ముడిపడినది.

మోచేతి కీలు నిర్మాణం

మోచేయి మూడు ఎముకలు కలిసే చోటు. పై చేతిలోని భుజాస్థి, ముంజేతిలోని రత్ని, అరత్ని అనే ఎముకలు ఇక్కడ కలుస్తాయి. భుజాస్థి, అరత్నిల మధ్య తలుపు బందు వంటి కదలిక ఉంటుంది; దీనివలన చేయి ముడుచుకొని, చాచుకొంటుంది. రత్ని తన చుట్టూ తాను తిరగడం వలన అరచేయి పైకి, క్రిందికి తిరుగుతుంది. ఈ మూడు ఎముకల కలయికలు అన్నీ ఒకే పొర సంచిలో ఇమిడి ఉంటాయి. అందువలన ఒక చోట తగిలిన గాయం మొత్తం కీలును ప్రభావితం చేస్తుంది.

కీలు ముందు భాగంలో బ్రాకియాలిస్ కండరం పొరకు ఆనుకొని ఉంటుంది. గాయం వలన ఈ కండరంలో రక్తం చేరితే అక్కడ మచ్చ కణజాలం గాని, కొన్నిసార్లు ఎముక గాని ఏర్పడుతుంది. వెనుక వైపు ట్రైసెప్స్ కండరం ఉంటుంది. కీలు లోపలి అంచున, చర్మానికి దగ్గరగా అల్నార్ నాడి ప్రయాణిస్తుంది. మోచేయి గోడకు తగిలినపుడు చిటికెన వ్రేలి వరకు జివ్వుమనిపించేది ఈ నాడియే. బిగుసుకుపోయిన మోచేయి చికిత్సలో ఈ నాడికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

కదలిక కొలతలు

మోచేతి కదలికను గోనియోమీటర్ అనే కోణమాపకంతో డిగ్రీలలో కొలుస్తారు. చేయి పూర్తిగా చాచిన స్థితిని 0 డిగ్రీలుగా లెక్కిస్తారు. ఆరోగ్యవంతుల మోచేయి సాధారణంగా 0 నుండి సుమారు 140 డిగ్రీల వరకు ముడుచుకొంటుంది. అరచేయి పైకి, క్రిందికి ఒక్కొక్క వైపు సుమారు 75 నుండి 85 డిగ్రీల వరకు తిరుగుతుంది.

1981లో అమెరికాకు చెందిన మోరే, ఆయన సహచరులు నిత్యజీవితంలోని పనులకు ఎంత కదలిక కావాలో కొలిచి ప్రకటించారు. చాలా పనులకు 30 నుండి 130 డిగ్రీల వరకు ముడుచుకొనే పరిధి, అరచేయి పైకి 50, క్రిందికి 50 డిగ్రీలు తిరిగే పరిధి సరిపోతాయని వారు నిర్ణయించారు. వారు కొలిచిన పనులలో కొన్ని:

- తలుపు తెరవడం: సుమారు 24 నుండి 57 డిగ్రీలు
- కూజా నుండి నీరు వంపడం: సుమారు 36 నుండి 58 డిగ్రీలు
- కుర్చీ చేతులపై ఆనుకొని లేవడం: సుమారు 20 నుండి 95 డిగ్రీలు
- వార్తాపత్రిక చదవడం: సుమారు 78 నుండి 104 డిగ్రీలు
- గ్లాసు నోటి వద్దకు తీసుకొనిపోవడం: సుమారు 45 నుండి 130 డిగ్రీలు

2011లో ప్రచురితమైన మరొక పరిశీలనలో చరవాణి చెవి వద్ద పెట్టుకోవడానికి 140 డిగ్రీలకు పైగా ముడవడం, కంప్యూటరు కీబోర్డు వాడకానికి అరచేయిని సుమారు 65 డిగ్రీలు క్రిందికి త్రిప్పడం అవసరమని తేలింది. అనగా పాత ప్రమాణం నేటి పనులన్నిటికీ చాలదు.

ఈ పరిశీలనలు పాశ్చాత్య దేశాల అలవాట్ల ఆధారంగా జరిగినవి. తెలుగువారి ఇండ్లలో చేతితో ముద్ద కలిపి నోటికి అందించడం, జడ వేసుకోవడం, తలపై చెంబుతో నీళ్ళు పోసుకోవడం వంటి పనులకు చేయి బాగా ముడుచుకోవాలి. కాలకృత్యాల తరువాత శుభ్రపరచుకోవడానికి చేయి వెనుకకు చాచుకోవాలి. మెడ, భుజం, నడుము వంచి కొంత లోటును పూడ్చుకోవచ్చు గాని ముడిచే కదలికలో లోటును ఆ విధంగా పూడ్చుకోవడం కష్టం. చేయి నోటిని చేరనపుడు నోరే చేతిని చేరవలసి వస్తుంది. అందువలన రోగి లక్ష్యాలను నిర్ణయించేటపుడు అతడు తన ఇంటిలో, తన వృత్తిలో చేసే పనులను అడిగి తెలుసుకోవడం అవసరం.

బిగుసుకుపోవడానికి కారణాలు

ఎముకలు విరగడం, కీలు తొలగడం, కాలిన గాయాలు, తలకు బలమైన గాయమై ఎక్కువ కాలం స్పృహ లేకుండా ఉండడం, చీము పట్టడం, క్షయ, రుమటాయిడ్ వంటి కీళ్ళవాతాలు ముఖ్య కారణాలు. కోస్తా ఆంధ్ర గ్రామాలలో తాటిచెట్ల నుండి గీత కార్మికులు జారిపడడం, చెట్లు ఎక్కిన పిల్లలు పడిపోవడం, ద్విచక్రవాహన ప్రమాదాలు మోచేతి గాయాలకు సాధారణ సందర్భాలు.

కారణాలను రెండు వర్గాలుగా విభజిస్తారు. కీలు లోపలి మృదులాస్థి దెబ్బతినడం, విరిగిన ముక్కలు సరిగా అతకకపోవడం వంటివి కీలు లోపలి కారణాలు. కీలు పొర, సంధిబంధనాలు, కండరాలు, చర్మం కుంచించుకుపోవడం, కీలు బయట ఎముక పెరగడం వంటివి కీలు వెలుపలి కారణాలు. చాలామంది రోగులలో రెండూ కలిసి ఉంటాయి. వెలుపలి కారణాలు మాత్రమే ఉన్నవారిలో శస్త్రచికిత్స ఫలితాలు మెరుగుగా ఉంటాయి.

బిగుసుకుపోయే నాలుగు దశలు

2000లో ఓడ్రిస్కోల్, జియోరి అనే పరిశోధకులు ఈ ప్రక్రియను నాలుగు దశలుగా వివరించారు.

- రక్తస్రావం: గాయమైన నిమిషాల నుండి గంటల వరకు.
- వాపు: గంటల నుండి కొన్ని రోజుల వరకు. కీలు చుట్టూ నీరు చేరి కణజాలం ఉబ్బుతుంది.
- లేత కణజాలం: కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు. రక్తనాళాలతో కూడిన మెత్తని కణజాలం ఏర్పడుతుంది.
- గట్టిపడడం: ఆ తరువాత లేత కణజాలం క్రమంగా దృఢమైన మచ్చగా మారుతుంది.

మొదటి రెండు దశలలో కీలును కదలిస్తే చేరిన ద్రవం బయటకు నెట్టబడుతుంది. మూడవ దశలో తేలికపాటి సాగదీతకు కణజాలం లొంగుతుంది. నాలుగవ దశ పూర్తయిన తరువాత వ్యాయామం వలన పెద్దగా ప్రయోజనం ఉండదు. శస్త్రచికిత్స తరువాత కూడా ఇదే గడియారం మొదటి నుండి తిరిగి ప్రారంభమవుతుంది. పునరావాసం ఆలస్యం కాకూడదని చెప్పడానికి ఇదే కారణం.

ఎక్కువ కాలం కట్టు, మర్దనం

ఎముక విరిగినపుడు పిండికట్టు వేసి మోచేతిని ఎక్కువ వారాలు కదలనీయకపోవడం బిగుతుకు ప్రధాన కారణం. సాధ్యమైనచోట విరిగిన ఎముకలను పలకలు, మరలతో స్థిరపరచి త్వరగా కదలికను ప్రారంభించడం ఆధునిక పద్ధతి.

ఆంధ్ర దేశంలో నాటు వైద్యుల కట్టుకు దీర్ఘ చరిత్ర ఉంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే పుత్తూరు కట్టు రాష్ట్ర సరిహద్దులు దాటి ప్రసిద్ధి పొందింది. కట్టు ఎవరు వేసినా, మోచేయి విషయంలో ఎక్కువ కాలం కట్టి ఉంచడం, విప్పిన తరువాత నూనెతో బలంగా మర్దనం చేయడం హాని కలిగిస్తాయి. గాయపడిన మోచేతిపై బలమైన మర్దనం చేస్తే కండరంలో తిరిగి రక్తస్రావమై అక్కడ ఎముక పెరిగే అవకాశం ఎక్కువవుతుందని భారతీయ ఎముకల వైద్య గ్రంథాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి.

అస్థానంలో ఎముక పెరుగుదల

ఎముక ఉండకూడని చోట, అనగా కండరంలోను, కీలు పొరలోను ఎముక ఏర్పడడం మోచేతిలో తరచు కనిపిస్తుంది. 1994లో హేస్టింగ్స్, గ్రాహం దీనిని వర్గీకరించారు. కదలికకు అడ్డురానిది మొదటి వర్గం, కదలికను పరిమితం చేసేది రెండవది, కీలును పూర్తిగా అతికించివేసేది మూడవది. ఈ ఎముకను తొలగించడానికి పూర్వం 12 నుండి 18 నెలల వరకు వేచి ఉండేవారు. ఎక్స్-రేలో ఎముక అంచులు స్పష్టపడి, చర్మం, కణజాలం నెమ్మదించిన తరువాత, కొన్ని నెలలకే తొలగించడం నేటి పద్ధతి.

శస్త్రచికిత్స రకాలు

కొన్ని నెలల వ్యాయామం, స్ప్లింట్లతో మెరుగుపడని బిగుతుకు, అది రోగి పనులకు ఆటంకమైనపుడు, శస్త్రచికిత్సను సూచిస్తారు. పద్ధతిని బట్టి పునరావాసం కొంత మారుతుంది.

- కోత ద్వారా విడిపించడం: కీలు పొరను, అడ్డుగా ఉన్న ఎముకను తొలగిస్తారు. ప్రక్క నుండి, లోపలి అంచు నుండి, వెనుక నుండి చేసే మార్గాలు ఉన్నాయి.
- ఆర్థ్రోస్కోపీ: చిన్న రంధ్రాల ద్వారా చేస్తారు. నాడులు కీలుకు అతి దగ్గరగా ఉండడం వలన దీనికి ప్రత్యేక అనుభవం కావాలి.
- బందు గల బయటి చట్రం: సంధిబంధనాలను కూడా విడిపించవలసి వచ్చి కీలు నిలకడ కోల్పోయినపుడు అమర్చుతారు. చట్రం ఉండగానే చేతిని వంచి చాచవచ్చు.
- కృత్రిమ కీలు: మృదులాస్థి పూర్తిగా నశించిన వృద్ధులలో, కీళ్ళవాత రోగులలో వాడతారు. దీని తరువాత జీవితాంతం బరువులు పరిమితం చేయవలసి ఉంటుంది. ఒకేసారి ఎత్తే బరువు సుమారు 5 కిలోలు, పదేపదే ఎత్తే బరువు సుమారు 1 కిలో మించరాదని సాధారణంగా చెబుతారు. అందువలన కాయకష్టం చేసే యువకులకు ఇది తగినది కాదు.

శస్త్రచికిత్సకు ముందు చేయి సుమారు 90 నుండి 100 డిగ్రీల వరకైనా ముడుచుకోని రోగులలో అల్నార్ నాడిని కూడా విడిపించడం, అవసరమైతే ముందుకు జరపడం చాలామంది వైద్యులు పాటించే నియమం. ఎంతో కాలం సాగకుండా ఉన్న నాడి, చేయి ఒక్కసారిగా ఎక్కువ ముడుచుకొంటే లాగబడి దెబ్బతినవచ్చు.

పునరావాస దశలు

క్రింది కాలక్రమం సాధారణమైనది. సంధిబంధనాలు కుట్టినపుడు, ఎముకలను స్థిరపరచినపుడు, ట్రైసెప్స్ కండరాన్ని తిరిగి కుట్టినపుడు శస్త్రవైద్యుడు దీనిని మారుస్తాడు.

శస్త్రచికిత్సకు ముందు

రోగికి వ్యాయామాలను ముందుగానే నేర్పుతారు. ప్రస్తుత కదలికను కొలిచి వ్రాసి పెడతారు. చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు స్పర్శను పరీక్షిస్తారు. మొదటి ఆరు వారాలు రోగి రోజులో ఎక్కువ భాగాన్ని వ్యాయామానికి కేటాయించగలడా, ఇంటిలో సహాయపడేవారు ఉన్నారా అనేది చర్చిస్తారు. ఆ కాలాన్ని కేటాయించలేని పరిస్థితిలో శస్త్రచికిత్సను వాయిదా వేయడం మేలు.

మొదటి రెండు రోజులు

వాపును, నొప్పిని అదుపులో ఉంచడం ఈ దశ లక్ష్యం. చేతిని గుండె కంటె ఎత్తులో దిండ్లపై ఉంచుతారు. కొన్ని ఆసుపత్రులలో మెడ, భుజం ప్రాంతంలో నాడులకు మత్తుమందు ఇచ్చి, సన్నని గొట్టం ద్వారా దానిని కొనసాగిస్తారు. వ్రేళ్ళను, మణికట్టును, భుజాన్ని మొదటి రోజు నుండే కదలించాలి. మందపాటి కట్టును ఒకటి రెండు రోజులలో తొలగించి, తేలికైన కట్టు వేసి మోచేయి కదలికను ప్రారంభిస్తారు.

మొదటి రెండు వారాలు

రోగి తన కండరాలతోనే చేతిని ముడవడం, చాచడం, అరచేయిని పైకి, క్రిందికి త్రిప్పడం చేయాలి. తరువాత మంచి చేతి సహాయంతో బిగుతు తగిలేవరకు మెల్లగా తీసుకొనిపోయి కొన్ని క్షణాలు ఆపాలి. రోజుకు ఒకసారి ఎక్కువసేపు చేయడం కంటె మెలకువగా ఉన్న సమయంలో పలుమార్లు కొద్దిసేపు చేయడం మంచిది. ముడిచే వ్యాయామం వెల్లకిలా పడుకొని, పై చేతిని నిటారుగా పైకి నిలిపి చేస్తే ముంజేయి బరువే మోచేతిని వంచుతుంది.

అస్థానంలో ఎముక పెరుగుదలను నివారించడానికి ఇండోమెథాసిన్ మందును కొన్ని వారాలు ఇవ్వడం వాడుకలో ఉంది. కడుపులో పుండ్లు, మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి ఇది తగదు. కొన్ని కేంద్రాలలో ఒక మోతాదు రేడియేషన్ ఇస్తారు. అయితే అప్పుడే విరిగిన ఎముకలు ఉన్న మోచేతికి రేడియేషన్ ఇస్తే ఎముక అతకకపోయే ప్రమాదం ఉన్నదని 2010లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో కనిపించడంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపివేశారు.

రెండు నుండి ఆరు వారాలు

లేత కణజాలం గట్టిపడటం మొదలయ్యే కాలం ఇది. శస్త్రచికిత్సలో లభించిన కదలికలో కొంత ఈ దశలో తగ్గడం సహజం. ప్రతి వారం కొలతలు తీసి ముందు వారంతో పోల్చాలి. ముడిచే కదలిక తగ్గుతున్నదా, చాచే కదలిక తగ్గుతున్నదా అనేదానిని బట్టి స్ప్లింటును ఎన్నుకుంటారు. తన పళ్ళెంలో అన్నం తానే తినడం, ముఖం కడుక్కోవడం, బొత్తాలు పెట్టుకోవడం, తల దువ్వుకోవడం వంటి తేలిక పనులను ఆ చేతితోనే చేయాలి.

ఆరు వారాల నుండి మూడు నెలలు

కణజాలం కుదుటపడిన తరువాత బలం పెంచే వ్యాయామాలు మొదలవుతాయి. మొదట కీలు కదలకుండా కండరాన్ని బిగించడం, తరువాత రబ్బరు పట్టీ, అర కిలో, ఒక కిలో బరువులు వాడడం క్రమం. బలం కోసం కదలికను త్యాగం చేయకూడదు. బరువుల వ్యాయామం తరువాత కీలు వాచి, మరుసటి ఉదయం కొలత తగ్గితే బరువును తగ్గించాలి.

మూడు నెలల నుండి సంవత్సరం

రాత్రి స్ప్లింటును క్రమంగా మానిపిస్తారు. వృత్తికి సంబంధించిన కదలికలను అభ్యసింపజేస్తారు. కదలిక మెరుగుదల ఆరు నెలల వరకు, కొందరిలో సంవత్సరం వరకు కొనసాగుతుంది.

సాధనాలు

నిరంతర కదలిక యంత్రం

రోగి ప్రయత్నం లేకుండా చేతిని నెమ్మదిగా వంచి చాచే విద్యుత్ యంత్రం ఇది. ఈ భావనను 1970లో కెనడా దేశానికి చెందిన రాబర్ట్ సాల్టర్ ప్రతిపాదించాడు. మొదటి రోజులలో వాపును బయటకు నెట్టడం దీని ముఖ్య ప్రయోజనం. దీని ఉపయోగంపై చాలాకాలం భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆర్థ్రోస్కోపీ ద్వారా విడిపించిన మోచేతులపై 2022లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఫిజియోథెరపీ మాత్రమే పొందినవారికంటె యంత్రం వాడినవారిలో కదలిక అధికంగా ఉన్నట్లు తేలింది. ఆ ప్రయోగం 51 మంది రోగులపై, ఎంతో అనుభవం గల ఒకే కేంద్రంలో జరిగినది. యంత్రం లేనిచోట తరచుగా చేసే స్వయం వ్యాయామమే ఆధారం.

స్ప్లింట్లు

- స్ప్రింగు లేదా రబ్బరు గల స్ప్లింటు: ఎడతెగని స్వల్ప బలంతో లాగుతుంది. రోజుకు అనేక గంటలు ధరించాలి.
- మెట్టు మెట్టుగా బిగించే స్ప్లింటు: మరను త్రిప్పి, కణజాలం సడలిన కొద్దీ కోణాన్ని రోగియే పెంచుతాడు. ఒక్కొక్క సారి సుమారు 30 నిమిషాల చొప్పున రోజుకు మూడు సార్లు ధరించే విధానం వాడుకలో ఉంది.
- రాత్రి స్ప్లింటు: చేయి చాచిన స్థితిలో నిద్రలో నిలిపి ఉంచుతుంది.

గాయం తరువాత బిగుసుకుపోయిన మోచేతులలో మొదటి రెండు రకాలను పోల్చిన ప్రయోగం 2012లో ప్రచురితమైంది. రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కావున ధర, లభ్యత, రోగి క్రమం తప్పక ధరించగలగడం అనే విషయాలే ఎన్నికకు ఆధారం. ఖరీదైన స్ప్లింటు పెట్టెలో ఉండడం కంటె సాధారణ స్ప్లింటు చేతికి ఉండడం మేలు.

చేయకూడని పనులు

- ఇతరులు చేతిని పట్టుకొని బలవంతంగా వంచడం, చాచడం. దీనివలన కణజాలం చిరిగి క్రొత్త రక్తస్రావం, వాపు కలుగుతాయి.
- చేయి చాచుకొనుటకు నీళ్ళ బకెట్టు, ఇసుక సంచి వంటి బరువులు వ్రేలాడదీయడం. నొప్పికి బైసెప్స్ కండరం ఎదురు బిగుసుకొని, ఆశించినదానికి వ్యతిరేక ఫలితం కలుగుతుంది.
- మోచేతి కీలుపై నూనె మర్దనం, కాపడం పేరుతో వేడి ఇటుకలు, వేడి ఇసుక మూట పెట్టడం. స్పర్శ తగ్గిన చర్మం సులభంగా కాలుతుంది.
- రోజంతా చేతిని మెడ నుండి పట్టీలో వ్రేలాడదీయడం. 90 డిగ్రీల వద్ద నిలిచిన చేయి అక్కడే బిగుసుకుంటుంది.
- నొప్పి తగ్గినదని వ్యాయామాన్ని మానడం.

కుట్లు మానిన తరువాత చర్మంపై మచ్చను వ్రేలి కొసతో తేలికగా రుద్దడం వేరు, కీలును బలంగా మర్దించడం వేరు. మొదటిదానిని ఫిజియోథెరపిస్టు నేర్పుతారు, రెండవది నిషిద్ధం.

ఎంత నొప్పి సహజం అనేదానికి ఫిజియోథెరపిస్టులు ఒక సులువైన గుర్తు చెబుతారు. వ్యాయామం వలన కలిగిన నొప్పి కొద్దిసేపటిలో తగ్గిపోతే ఆ మోతాదు సరియైనది. రాత్రంతా నొప్పి ఉండి, ఉదయానికి వాపు పెరిగి, కదలిక తగ్గితే మోతాదు మించినది. అప్పుడు వ్యాయామాన్ని పూర్తిగా ఆపకుండా బలాన్ని తగ్గించాలి.

ప్రమాద సూచనలు

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా వెంటనే శస్త్రవైద్యుని కలవాలి.

- చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు తిమ్మిరెక్కడం, వ్రేళ్ళను దగ్గరకు చేర్చలేకపోవడం. ఇది అల్నార్ నాడి ఒత్తిడికి గుర్తు. ముడిచే కదలిక పెరుగుతున్న కొద్దీ ఇది ఆలస్యంగా కూడా రావచ్చు.
- జ్వరం, గాయం ఎర్రబడడం, చీము కారడం.
- అప్పటివరకు పెరుగుతున్న కదలిక కొద్ది రోజులలో హఠాత్తుగా తగ్గడం, కీలు వేడిగా ఉండడం. ఎముక పెరుగుదల మొదలై ఉండవచ్చు.
- గాయానికి మించిన మంట, చేయి రంగు మారడం, చెమట పట్టడం, తాకితే భరించలేకపోవడం.
- కీలులో టక్కుమని శబ్దమై, జారినట్లు అనిపించడం.

పేరాల పరిసరాలలో

పేరాల చీరాలను ఆనుకొని ఉన్న పట్టణ ప్రాంతం. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జరిగిన చీరాల-పేరాల ఉద్యమం వలన చరిత్రలో ప్రసిద్ధి చెందింది. ఇది పూర్వం గుంటూరు జిల్లాలోను, 1970 నుండి ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. చేనేత ఈ ప్రాంతపు ప్రధాన వృత్తులలో ఒకటి.

గుంట మగ్గంపై పనిచేసే నేతకారుడు కాళ్ళతో తొక్కుడు చెక్కలను నొక్కుతూ, ఒక చేతితో త్రాడు పిడిని లాగి నాడెను పడుగు మధ్యగా పరుగెత్తిస్తాడు. రెండవ చేతితో ఎదుటి చట్రాన్ని తనవైపు లాగి పేక నూలును బిగిస్తాడు. రోజంతా రెండు మోచేతులూ లయబద్ధంగా వంగి, చాచుకొంటూ ఉంటాయి. కండెలు చుట్టే స్త్రీలకు రాట్నం త్రిప్పే చేయి ముఖ్యం. ఒక మోచేయి బిగుసుకుంటే మగ్గం పని సగానికి కాక పూర్తిగా ఆగిపోతుంది. ఎందుకంటే రెండు చేతులూ కలిసి పనిచేస్తేనే ఒక్కొక్క పోగు పడుతుంది. నేసిన బట్టను బట్టి కూలి లభించే కుటుంబాలలో మగ్గం ఆగిన రోజు ఆదాయం ఉండదు. ఈ కారణంగా పునరావాసాన్ని మధ్యలో విడిచి త్వరగా మగ్గం ఎక్కాలనే ఒత్తిడి సహజం.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. మగ్గం పని మోచేతిని ఎక్కువగా మధ్య పరిధిలోనే కదలిస్తుంది. అన్నం ముద్ద నోటికి అందించడానికి కావలసిన చివరి డిగ్రీలు మగ్గంపై వాడుకలోకి రావు. కాబట్టి మగ్గం పనినే వ్యాయామంగా భావించి, మిగిలిన వ్యాయామాలు మానినవారు పని చేయగలిగినా ముడిచే కదలికను కోల్పోయే అవకాశం ఉంది. వరి కోత, నాట్లు వంటి వ్యవసాయ పనులకు చాచే కదలిక ముఖ్యం. తాటిచెట్టు ఎక్కేవారికి కదలికతో పాటు బలం, కీలు నిలకడ పూర్తిగా ఉండాలి. అవి పరీక్షలో నిర్ధారణ అయ్యేవరకు చెట్టు ఎక్కకూడదు.

ఈ ప్రాంతానికి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ప్రధాన బోధనాసుపత్రి. దానికి అనుబంధమైన గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమైంది. మంగళగిరిలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, నేడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉన్న ప్రభుత్వ పథకం వలన పేద కుటుంబాలకు అనేక శస్త్రచికిత్సలు అందుబాటులోకి వచ్చాయి. చికిత్స తరువాత విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండా భృతి ఇచ్చే ఆరోగ్య ఆసరా పథకాన్ని 2019 డిసెంబరులో గుంటూరులో ప్రారంభించారు. శస్త్రచికిత్స ఖర్చుతో పాటు కోలుకునే కాలంలో పోయే కూలి కూడా వైద్యంలో భాగమని గుర్తించిన ప్రయత్నంగా దీనిని చెప్పవచ్చు.

దూరపు ఆసుపత్రికి ప్రతిరోజూ వెళ్ళలేని రోగులకు ఇంటి వ్యాయామమే ప్రధానం. రోగి గోడ ప్రక్కన నిలబడి, ముడిచినపుడు బొటనవ్రేలు భుజానికి ఎన్ని వ్రేళ్ళ దూరంలో ఉన్నదో, బల్లపై చేయి చాచినపుడు మోచేయికి, మణికట్టుకు ఎత్తులో ఎంత తేడా ఉన్నదో ప్రతి వారం నోటుపుస్తకంలో వ్రాసుకోవచ్చు. తరువాత ఆసుపత్రికి వెళ్ళినపుడు ఈ లెక్క వైద్యునికి ఉపయోగపడుతుంది.

పిల్లలలో

పిల్లలలో మోచేయి పైభాగాన భుజాస్థి విరగడం సాధారణం. కట్టు విప్పిన తరువాత వారు ఆటపాటలతోనే కొన్ని నెలలలో కదలికను తిరిగి పొందుతారు. చాలామందికి ప్రత్యేక ఫిజియోథెరపీ అవసరం ఉండదు. ఆత్రుతతో తల్లిదండ్రులు చేతిని లాగడం, మర్దనం చేయించడం హానికరం. విడిపించే శస్త్రచికిత్స పిల్లలలో అరుదు. వ్యాయామాన్ని క్రమంగా చేయించడం కష్టం కావడం వలన ఫలితాలు కూడా పెద్దలలో వలె నిశ్చితంగా ఉండవు.

ఫలితాలు

కోత ద్వారా విడిపించిన రోగులలో సగటున సుమారు 40 నుండి 60 డిగ్రీల కదలిక అదనంగా లభించినట్లు అనేక నివేదికలు ఉన్నాయి. శస్త్రచికిత్సకు ముందు బిగుతు ఎక్కువగా ఉన్నవారిలో లాభం కూడా ఎక్కువగా కనిపిస్తుంది. పూర్తిగా సహజమైన మోచేయి తిరిగి రావడం అరుదు. మృదులాస్థి దెబ్బతిన్నవారిలో, అల్నార్ నాడి సమస్య తలెత్తినవారిలో, తిరిగి ఎముక పెరిగినవారిలో ఫలితాలు తక్కువగా ఉంటాయి. మొదటి వారాలలో కదలిక బాగా తగ్గినపుడు కొందరు వైద్యులు మత్తుమందు ఇచ్చి మెల్లగా కీలును కదలిస్తారు. ఎముక విరగడం, నాడి దెబ్బతినడం వంటి ప్రమాదాలు ఉన్నందున దీనిని శస్త్రవైద్యుడు మాత్రమే చేయాలి.

విజయాన్ని డిగ్రీల సంఖ్యతో మాత్రమే కొలవరు. 110 డిగ్రీలకు ఆగిన చేయి 130 డిగ్రీలకు చేరడం లెక్కలో 20 డిగ్రీలే. కాని ఆ 20 డిగ్రీలతో ఒక మనిషి తన అన్నం తన చేతితో తినగలుగుతాడు.

ఇవి కూడా చూడండి

- మోచేయి
- ఫిజియోథెరపీ
- ఎముక విరుగుట
- పుత్తూరు కట్టు
- చీరాల-పేరాల ఉద్యమం